మోకాలి మార్పిడిలో రక్తాన్ని నిలిపే మందు

శ్రోతలకు నమస్కారం.

ఇంట్లో పెద్దవాళ్లకు మోకాలి మార్పిడి ఆపరేషన్ ఖాయమైందంటే, ఒకప్పుడు మొదటి హడావిడి రక్తం గురించే ఉండేది. ఏ గ్రూపు, ఎవరిస్తారు, ఎన్ని యూనిట్లు కావాలి అంటూ చుట్టాలందరికీ ఫోన్లు వెళ్లేవి. ఇప్పుడు ఈ ఆపరేషన్ చేయించుకునే వారిలో చాలామందికి బయటి రక్తం ఎక్కించాల్సిన అవసరమే రావడం లేదు. ఇందుకు తోడ్పడిన వాటిలో ముఖ్యమైనది ట్రానెక్సామిక్ యాసిడ్ అనే మందు.

ఇది కొత్తదీ కాదు, ఖరీదైనదీ కాదు. నెలసరిలో రక్తస్రావం మితిమీరినప్పుడు డాక్టర్లు రాసే మాత్రల్లో ఉండేది ఇదే. జపాన్‌కు చెందిన ఊతాకో ఒకమోతో, ఆమె భర్త షోసుకె కనిపెట్టి 1962లో ప్రకటించారు. కాన్పయ్యాక రక్తం ఆగక ప్రాణాలు పోగొట్టుకునే తల్లులను కాపాడాలన్నది ఆమె తపన. అయితే ఆ మందును కాన్పుల్లో పరీక్షించి చూడమని అక్కడి వైద్యులను ఆమె ఒప్పించలేకపోయారు. చివరికి 20,000 మందికి పైగా తల్లులపై జరిగిన అంతర్జాతీయ పరిశోధన, సకాలంలో ఇస్తే ఈ మందు ప్రాణాలు నిలుపుతుందని 2017లో తేల్చింది. ఊతాకో అంతకు ముందు ఏడాదే, 98 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆ ఫలితం ఆమె చూసి ఉంటే ఎంత బాగుండేదో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఇక మోకాలి సంగతి. గాయమైన చోట రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డను పట్టి ఉంచేది ఫైబ్రిన్ పోగులతో అల్లుకున్న వల. పని అయ్యాక ఆ పోగులను కరిగించే ఏర్పాటు కూడా మన ఒంట్లోనే ఉంది. ఎముకలు కోసే పెద్ద ఆపరేషన్లలో ఈ కరగడం అవసరానికి మించి జరుగుతుంది. రక్తం రాకుండా తొడకు బిగించిన పట్టీని వదిలినప్పుడు మరీ ఎక్కువవుతుంది. అందుకే కుట్లు వేశాక కూడా లోలోపల రక్తం ఊరుతూనే ఉంటుంది. కట్టు మీద కనిపించేది అందులో కొంతే. ట్రానెక్సామిక్ యాసిడ్ ఆ పోగులు కరగకుండా అడ్డుపడుతుంది. కోత పెట్టడానికి ముందు నరంలోకి ఎక్కించవచ్చు, మాత్రలుగా ఇవ్వవచ్చు, నేరుగా కీలులోనూ పోయవచ్చు.

మరి కాళ్లలో, ఊపిరితిత్తుల్లో గడ్డలు కట్టవా? న్యాయమైన భయమే. ఈ మందు కొత్తగా గడ్డలు కట్టించదు, కట్టినవాటిని నిలుపుతుంది. కీళ్ల మార్పిడి రోగులపై జరిగిన అధ్యయనాల్లో మొత్తం మీద ఆ ముప్పు పెరిగినట్టు కనిపించలేదు. అయినా గతంలో గడ్డలు కట్టినవారు, పక్షవాతం వచ్చినవారు, గుండెకు స్టెంటు వేయించుకున్నవారు, మూర్ఛ ఉన్నవారు ముందే చెప్పాలి. ఇది మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది కాబట్టి, అవి బలహీనంగా ఉంటే మోతాదు తగ్గిస్తారు.

ఆసుపత్రుల వారికి కూడా ఒక మాట. ఈ ఆపరేషన్లలో చాలావరకు నడుముకు మత్తు సూది వేసి చేస్తారు. చూడటానికి ఒకేలా ఉండే చిన్న సీసాల వల్ల, మత్తుమందుకు బదులు ఇది వెన్నులోకి వెళ్లిన ఘటనలు జరిగాయి. అలా వెళితే ప్రాణాంతకం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో దీనిపై హెచ్చరిక జారీ చేసింది. రెండింటినీ వేర్వేరు చోట్ల పెట్టడం, వాడే ముందు లేబుల్ పైకి చదవడం పెద్ద కష్టమేమీ కాదు.

ఈ మందు ఉన్న రక్తాన్ని కాపాడుతుందే గాని, లేని రక్తాన్ని పుట్టించదు. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. మోకాళ్లు అరిగే వయసుకు అది దానంతట అదే పోదు. అందుకే ఆపరేషన్ తేదీకి కొన్ని వారాల ముందే హిమోగ్లోబిన్ చూపించుకోండి. ఐరన్ తక్కువైతే సరిదిద్దడానికి వ్యవధి ఉంటుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటి మందులు వాడుతుంటే సొంతంగా మానేయకండి. ఎప్పుడు ఆపాలో, అసలు ఆపాలో వద్దో గుండె డాక్టరు, మత్తు డాక్టరు కలిసి నిర్ణయిస్తారు. వాడుతున్న మందుల చీటీలన్నీ వెంట తీసుకెళ్లండి.