బల్లార్‌పూర్: వర్ధా నది ఒడ్డున పెరిగిన పారిశ్రామిక పట్టణం

(దృశ్యం: వర్ధా నది, ఒడ్డున రాతి కోట గోడ, దూరంగా మిల్లు పొగగొట్టాలు)

వ్యాఖ్యానం: మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాకు చెందిన బల్లార్‌పూర్‌లో, ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, హిందీ మాట్లాడే కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఈ పట్టణం పేపర్ మిల్లుతోనే పెరిగిందని అందరూ చెప్పుకుంటారు గాని, ఆ మిల్లును ఇక్కడికి రప్పించిన రైలుమార్గం నుంచి చరిత్రను మొదలుపెట్టడమే సబబు.

అంతకు పూర్వం ఇది గోండుల రాజధాని. ఖాండ్క్యా బల్లాల్ షా అనే రాజు సిర్పూర్ నుంచి ఇక్కడికి వచ్చి కోట కట్టించాడని చెబుతారు. తర్వాత రాజధాని చాందాకు, అంటే నేటి చంద్రపూర్‌కు, తరలిపోయింది.

(దృశ్యం: బల్లార్షా జంక్షన్, ప్లాట్‌ఫారం మీద ఆగిన బండి)

1929లో కాజీపేట–బల్లార్షా మార్గం పూర్తికావడంతో ఢిల్లీ, మద్రాసు నగరాల మధ్య ఈ దారిన నేరుగా బండ్లు నడిచే వీలు కలిగింది. ఊరు బల్లార్‌పూర్, స్టేషను బల్లార్షా కాబట్టి కొత్తగా వచ్చినవారు ఇవి రెండు ఊళ్లనుకోవడం మామూలే. అడవుల్లో వెదురు, భూమిలో బొగ్గు, పక్కనే నది ఉన్న చోటికి సరుకు రవాణా కూడా తోడయ్యాక, 1945లో ఇక్కడ కాగితం కంపెనీ ఏర్పడింది.

(దృశ్యం: వెదురు బొంగుల గుట్టలు, ముక్కలు చేసే యంత్రం)

బొంగులను ముక్కలు చేసి, డైజెస్టర్ అనే పెద్ద పాత్రలో కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ ద్రావణంతో, అధిక వేడిమీద, ఒత్తిడిలో ఉడికిస్తారు. నారలను పట్టి ఉంచే లిగ్నిన్ కరిగి నల్లటి ద్రవంగా విడిపోగా, మిగిలిన గుజ్జును పలుమార్లు కడుగుతారు. ఆ నల్లటి ద్రవాన్ని చిక్కబరిచి బాయిలర్‌లో మండిస్తే మిల్లుకు కావలసిన ఆవిరితో పాటు, తిరిగి వాడుకోదగిన రసాయనాలు కూడా దక్కుతాయి. ఇలాంటి మిల్లుల చుట్టుపక్కల వచ్చే కుళ్లిన గుడ్డు వాసనకు ఈ గంధకపు రసాయనాలే కారణం.

(దృశ్యం: వంతెన, అవతలి ఒడ్డున రాజురా)

నదికి అవతల ఉన్న రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. తర్వాత నాందేడ్‌లోకి, 1959లో చంద్రపూర్ జిల్లాలోకి మారింది. ఈ ప్రాంతపు తెలుగు అంతా గనుల్లో, మిల్లులో పనికోసం వలస వచ్చినవారిదేనని అనుకోవడం అందుకే పొరపాటు.

(దృశ్యం: నదీ మార్గం చూపే పటం)

కాగితపు గుజ్జు కడగడానికి నీరు విస్తారంగా కావాలి, వాడిన నీటిని శుద్ధిచేసి వదలాలి. వర్ధా దిగువన వైన్‌గంగతో కలిసి ప్రాణహితగా మారి, కాళేశ్వరం వద్ద గోదావరిలో చేరుతుంది. అందువల్ల ఎగువనున్న పరిశ్రమల శుద్ధి ట్యాంకులు సక్రమంగా పనిచేస్తున్నాయో లేదో అడిగే హక్కు ఆసిఫాబాద్, మంచిర్యాల జిల్లాల తీర గ్రామాలకూ ఉంటుంది.