ఎదురింటికి ఆటో

అందరికీ నమస్కారం. ప్రెసిడెంట్ గారికి, సెక్రటరీ గారికి, పొద్దున్నుంచీ ఉగాది పచ్చడి గ్లాసుల్లో పోసి పోసి అలసిపోయిన మన మహిళా విభాగానికి, ముందు వరసలో కూర్చుని అప్పుడే ఫోన్లు తీసిన పిల్లలకి కూడా. నాకిచ్చిన టాపిక్ 'అప్పటి హైదరాబాద్, ఇప్పటి హైదరాబాద్'. ఈవిడ మస్కట్‌లో పాతికేళ్ళు పాఠాలు చెప్పి వచ్చింది కదా, తేడా బాగా చెప్తుందని సెక్రటరీ గారి ఆశ.

తేడా చెప్పడానికి ఎంతసేపు? 1999లో నేను విమానం ఎక్కింది బేగంపేటలో. సైబర్ టవర్స్ అప్పటికింకా కొత్త, ఆదివారం పిల్లల్ని తీసుకెళ్ళి చూపించుకొచ్చే వింత. తర్వాత 2008లో శంషాబాద్, 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు, 2017లో మెట్రో. అన్నీ మంచివే. మెట్రో అయితే నాకు ప్రాణం. మియాపూర్‌లో ఎక్కి ఎల్బీనగర్‌లో దిగేదాకా చెవిలో ఒక్క హారన్ పడదు. ఇంకా చెప్పొచ్చు గానీ ఇవన్నీ మీకు తెలిసినవే. నేను మా పిన్ని గురించి చెప్తాను.

మా పిన్ని ఇల్లు హైవేకి అవతల. మా బాల్కనీలో నిలబడితే ఆవిడ వడియాలు ఎండబెట్టడం కనిపిస్తుంది. ఇదివరకు మధ్యలో సిగ్నల్ ఉండేది. ఎర్రలైటు పడగానే గిన్నెలో పప్పు పట్టుకుని దాటేదాన్ని, వేడి కూడా తగ్గేది కాదు. ఇప్పుడు సిగ్నల్ తీసేసి, మధ్యలో డివైడర్ కట్టి, దూరంగా యూటర్న్ పెట్టారు. మొన్న పిన్నికి జ్వరమంటే ఆటో బుక్ చేశాను. డ్రైవర్ అడ్రసు చూసి, "మేడం, గీ ఎదురుంగనే కదా!" అన్నాడు. "దాటించు నాయనా, నీకు దండం పెడతాను" అన్నాను. అటు పోయి, యూటర్న్ తిరిగి, ఇటు వచ్చి దింపాడు. ఎదురింటికి అరవై రూపాయలు!

నవ్వుతున్నారు. మీలో ఎంతమంది డివైడర్ ఎక్కి దూకుతున్నారో నాకు తెలుసు, చీరలు కట్టుకుని కూడా.

యూటర్న్ ఎందుకో నాకూ అర్థమైంది లెండి. కూడలిలో నాలుగు వైపుల బళ్ళూ వంతులవారీగా ఆగక్కర్లేదు, కారు ఆగకుండా పోతుంది. సరే. కానీ బండి ఆగినప్పుడే కదండీ మనిషి దాటేది? సిగ్నల్‌తో పాటు మన వంతు కూడా తీసేశారు. కార్ల వాళ్ళకి నిమిషం మిగిలింది, ఆ నిమిషం మా పిన్ని దగ్గర నుంచి తీసుకున్నదే.

మెట్రో స్టేషన్ మెట్లెక్కి అవతల దిగొచ్చు, టికెట్ కూడా అక్కర్లేదు అంటారు. నిజమే, లిఫ్ట్ కూడా ఉంది. అక్కడిదాకా నడవాలిగా! ఫుట్‌పాత్ మీద ఒక ట్రాన్స్‌ఫార్మర్, ఒక మిర్చిబజ్జీ బండి, వరసగా బైకులు. బజ్జీ బండిని నేనేమీ అననండోయ్, వాడి పొట్టకూడు అది, పైగా బజ్జీలు బాగుంటాయి. బైకుల వాళ్ళనే అంటాను, వాళ్ళలో మా అబ్బాయి కూడా ఉన్నాడు.

చెయ్యలేని పని కాదిది. ఉప్పల్ రింగు రోడ్డులో 2023లో స్కైవాక్ కట్టారు, చుట్టూ తిరిగి ఏ రోడ్డువైపు కావాలంటే ఆ వైపు దిగొచ్చు. అడ్డంకులు లేని ఫుట్‌పాత్ నడిచేవాళ్ళ హక్కని, రాజ్యాంగంలోని 21వ అధికరణం కిందకే వస్తుందని 2025 మేలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అంటే ప్రాణంతో బతికే హక్కు ఉన్న చోటే ఇదీ ఉంది. మనం ఎవరి దయా అడగక్కర్లేదు.

సెక్రటరీ గారు గడియారం చూపిస్తున్నారు. ఒక్క మాట. అర్జీ ఒకటి రాసి తెచ్చాను. నొక్కితే ఎర్రలైటు పడే కాలినడక సిగ్నల్ ఒకటి, దాని ముందు జీబ్రా గీతలు, అంతే అడిగాను. ఫ్లైఓవర్ అడగలేదు, భయపడకండి. కాగితం కుడివైపు చివరి కుర్చీ దగ్గరుంది. సంతకంతో పాటు ఫ్లాట్ నంబరు కూడా రాయండి, లేకపోతే ఎవరో ఏమిటో అని పక్కన పడేస్తారు. కార్లున్నవాళ్ళు కూడా పెట్టాలి, పార్కింగ్ దాకా మీరూ నడిచేవాళ్ళే. పులిహోర వడ్డన ఆ కాగితం అవతలే పెట్టించాను.