ఉంగరంలో కరిగిన ఉంగరాలు

నమస్కారమండీ. ఐదు నిమిషాల్లో ముగించమన్నారు, అందుకని చరిత్ర జోలికి ఎక్కువగా పోను. అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలో, హడ్సన్ నది ఒడ్డున వెస్ట్ పాయింట్ అనే సైనిక అకాడమీ ఉంది. 1802లో పెట్టారు. అక్కడి క్యాడెట్ల దుస్తులు బూడిద రంగువి కాబట్టి, మొదటి బ్యాచ్ నుంచి నిన్నగాక మొన్న బయటికొచ్చిన బ్యాచ్ దాకా అందరినీ కలిపి పొడవాటి బూడిదరంగు వరుస అని పిలుచుకుంటారు.

ఇవాళ నేను చెప్పాలనుకున్నది ఒక్క ఉంగరం గురించి.

1835 నుంచి అక్కడ బ్యాచ్ ఉంగరాలు ఉన్నాయి. ఆఖరి సంవత్సరంలోకి అడుగుపెట్టగానే ఒక్కొక్కళ్ళకీ ఉంగరం వస్తుంది, ఒక పక్క అకాడమీ చిహ్నం, ఇంకో పక్క ఆ బ్యాచ్ సొంత చిహ్నం. ఆ రోజు మొదటి ఏడాది పిల్లలు సీనియర్ల చుట్టూ మూగి, అబ్బో ఎంత పెద్ద ఇత్తడి ముద్ద, ఎంత గాజు, ఒక్కసారి తాకనివ్వండి సార్ అని బట్టీ పట్టిన పాఠం గట్టిగా అరుస్తారు. సీనియర్లు తప్పించుకుని పరిగెడతారు. అదీ సంప్రదాయమే. ఇత్తడి అన్నారని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అక్కడికే వస్తాను.

ఎందుకంటే అందులో ఉన్న బంగారం ఎక్కడిదో వింటే నాకు ఒళ్ళు జలదరించింది. చనిపోయిన పూర్వ విద్యార్థుల ఉంగరాల్ని వాళ్ళ ఇంటివాళ్ళు తెచ్చి ఇస్తారు. భార్య, కొడుకు, మనవరాలు, ఎవరైనా సరే. ఏడాదికి ఒకరోజు అందరూ ఒకచోట చేరతారు, ఆ ఏడాది కొత్త ఉంగరాలు అందుకోబోయే క్యాడెట్లు కొందరు కూడా వస్తారు. ఒక్కో ఉంగరం తీసి, అది ఎవరిదో పేరు చదువుతారు, ఏ బ్యాచ్ వాడో చదువుతారు, ఎలా బతికాడో రెండు ముక్కలు చెప్తారు, అప్పుడు దాన్ని మూసలో వేస్తారు. మళ్ళీ ఇంకో పేరు, ఇంకో ఉంగరం. మళ్ళీ ఇంకోటి. అన్నీ పడ్డాక కరిగిస్తారు. యుద్ధంలో పోయినవాడి ఉంగరం, ముసలితనంలో మంచం మీద పోయినవాడి ఉంగరం, అంతా ఒకే ద్రవం. దాన్ని కొత్త బంగారంలో కలిపి ఆ ఏడాది బ్యాచ్‌కి ఉంగరాలు పోస్తారు. 2002 బ్యాచ్‌తో మొదలైందిది. ఇంకో సంగతి, కరిగించిన బంగారంలోంచి ప్రతిసారీ కొంచెం పక్కకి తీసి దాస్తారు, మరుసటి ఏడు కలపడానికి. పాలకి తోడు పెట్టినట్టన్నమాట.

ఇప్పుడు ఆ అరుపు మళ్ళీ తలుచుకోండి. ఇత్తడి ముద్ద, ఇత్తడి ముద్ద అని ఎగతాళి చేస్తున్న ఆ పద్దెనిమిదేళ్ళ పిల్లాడికి, తన ముందు పరిగెడుతున్న వేలి మీద ఎందరున్నారో తెలుసో లేదో.

నేనైతే ఇస్తానా అని నన్ను నేను ప్రశ్నించుకున్నాను. చెప్పలేనండీ. భర్త వేలికి యాభై ఏళ్ళున్న వస్తువుని నిప్పులో వెయ్యమంటే చెయ్యి వస్తుందా? ఇచ్చేవాళ్ళు ఇస్తున్నారు. పెట్టెలో పడి ఉండే బదులు ఒక కుర్రాడి చేతి మీద తిరుగుతుందని కాబోలు.

ఇదంతా మరీ గొప్పగా చెప్తున్నానేమో. ఇలాంటి గాఢమైన బంధానికి ఇంకో ముఖం కూడా ఉంది. వెస్ట్ పాయింట్‌లో చదవని అధికారులు వీళ్ళకి ఉంగరం కొట్టేవాళ్ళు అని పేరు పెట్టారు, సమావేశంలో ఉంగరంతో బల్ల మీద టక్ మనిపిస్తే చాలు, మనవాళ్ళంతా ఒక మాట మీదికి వచ్చేస్తారని వెటకారం. ఆ వెటకారంలో కొంత నిజం ఉండే ఉంటుందని నా అనుమానం. మనవాళ్ళు అనే మాట ఎక్కడున్నా బయటివాళ్ళు అనే మాట పక్కనే ఉంటుంది కదా.

కానీ అక్కడ చదివి ముసలివాళ్ళైనవాళ్ళని చూస్తే కోపం రాదు. యాభై ఏళ్ళ కిందట పట్టా తీసుకున్న బ్యాచ్ వచ్చి కొత్త బ్యాచ్‌కి తోడుంటుందక్కడ. కొత్త పిల్లలు మొదటి వేసవి శిక్షణ ముగించి 12 మైళ్ళు నడిచి వెనక్కి వచ్చేటప్పుడు డెబ్బై దాటినవాళ్ళు కూడా వాళ్ళతో నడుస్తారు. నాలుగేళ్ళ తర్వాత లెఫ్టినెంట్ హోదాకి గుర్తుగా భుజాల మీద పెట్టుకునే బంగారు రంగు పట్టీలు ఇచ్చేదీ ఆ పెద్దవాళ్ళ బ్యాచే.

టైం అయిపోవస్తోంది. ఒక్క పనికొచ్చే మాట చెప్తాను. ఆ కార్యక్రమంలో ఉంగరం మూసలో పడే ముందు పేరు చదువుతారన్నాను కదా. పేరు తెలిసింది కాబట్టే చదవగలిగారు. మన ఇళ్ళలో పాత వస్తువులుంటాయి, అవి ఎవరివో తెలిసిన మనిషి ఒక్కరే ఉంటారు, ఆ ఒక్కరూ పోతే అది ఉత్త ఇనుమో ఉత్త వెండో. అందుకని ఒక కాగితం ముక్క మీద, ఎవరిది, ఎప్పటిది, ఎవరు ఎవరికిచ్చారు, ఈ మూడూ రాసి ఆ వస్తువుతోపాటే పెట్టండి. పెన్సిల్‌తో రాసినా పర్వాలేదు.

మా తాతగారి చేతి గడియారం నా దగ్గరుంది. అది ఆయనకి ఎవరిచ్చారో చెప్పగలిగింది మా పెద్దత్త ఒక్కతే. ఇక్కణ్ణుంచి బయటికి వెళ్ళగానే ఆవిడకి ఫోన్ చెయ్యాలి. ఉంటానండీ.