గంజాయి కేసులో పట్టుబడిన బండి యజమాని చేతికి ఎప్పుడు వస్తుంది?

నమస్కారం. పాడేరు, చింతపల్లి వైపు నుంచీ ఒడిశా సరిహద్దు నుంచీ దిగే గంజాయి నర్సీపట్నం మీదుగానో మరో దారినో జాతీయ రహదారికి చేరి దూర ప్రాంతాలకు పోతుందని విశాఖపట్నంలో తెలియనివారు లేరు. సరుకు దొరికినప్పుడు లారీ, కారు, ఆటో ఏదైనా సరే, మోసుకొచ్చిన బండి కూడా పోలీసుల స్వాధీనమవుతుంది. డ్రైవరును నమ్మి బండి అప్పగించిన యజమాని గురించే ఈ రోజు మాట్లాడుకుందాం.

మాదకద్రవ్యాల కేసులో పట్టుకున్న బండిని తీర్పు వచ్చేదాకా విడిచిపెట్టరన్న మాట చాలాకాలంగా వినిపిస్తోంది. మాదకద్రవ్యాలను అదుపుచేసే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో అలాంటి నిషేధం లేదు. 60వ సెక్షన్ ప్రకారం బండి జప్తుకు, అంటే శాశ్వతంగా ప్రభుత్వపరం కావడానికి, లోబడుతుంది. అయితే తనకు గాని, తన ప్రతినిధికి గాని, బండి బాధ్యత చూస్తున్న వ్యక్తికి గాని తెలియకుండా, వారి సహకారం లేకుండా ఆ రవాణా జరిగిందనీ, దాన్ని అడ్డుకోవడానికి అందరూ తగిన జాగ్రత్తలు తీసుకున్నారనీ యజమాని రుజువు చేసుకుంటే జప్తు నుంచి బయటపడవచ్చని అదే సెక్షన్ చెబుతోంది. నిందితులకు శిక్ష పడినా, వారు నిర్దోషులుగా తేలినా, జప్తు సంగతిని కోర్టు విడిగా తేల్చాలని 63వ సెక్షన్ నిర్దేశిస్తోంది.

అంతవరకూ బండిని ఎవరి దగ్గర ఉంచాలన్నదే అసలు ప్రశ్న. అస్సాంలో ఒక లారీలో సబ్బు పెట్టెల్లో దాచిన హెరాయిన్ దొరికిన కేసులో, 2025 జనవరి 7న ఆ లారీ యజమాని బిశ్వజిత్ దే కేసు తీర్పు ద్వారా సుప్రీంకోర్టు దీనికి స్పష్టమైన జవాబిచ్చింది. యజమాని గాని, అతని డ్రైవరు, క్లీనరు వంటివారు గాని నిందితులైతే, రుజువు భారం వారిమీదే ఉంటుంది కనుక బండిని మామూలుగా విడిచిపెట్టనవసరం లేదనీ, దొంగిలించిన బండిలోనో, యజమానితో సంబంధం లేని ప్రయాణికుడి దగ్గరో సరుకు దొరికితే మాత్రం తాత్కాలికంగా అప్పగించాలనీ న్యాయస్థానం విడదీసి చెప్పింది. అదే ఏడాది అక్టోబరులో, తమిళనాడుకు సంబంధించిన మరో కేసులో, స్వాధీనం చేసుకున్న సరుకును, బండ్లను ఏం చేయాలన్నదానిపై 2022లో వచ్చిన నియమాలు, బండిని తాత్కాలికంగా అప్పగించేందుకు ప్రత్యేక కోర్టుకున్న అధికారాన్ని తీసివేయలేదని కూడా తేల్చింది.

నా దృష్టిలో ఇది దయతో ఇచ్చిన సడలింపు కాదు, ఆస్తి పాడైపోకుండా కాపాడే న్యాయం. విశాఖలో ఉప్పుగాలి తగిలే ఆరుబయట రెండు వర్షాకాలాలు నిలిపి ఉంచిన లారీ టైర్లు, బ్యాటరీ, వైరింగు పాడైపోయి తుక్కుగా మిగులుతుంది. చివరకు ప్రభుత్వం వేలం వేసినా, యజమానికి తిరిగి ఇచ్చినా ఎవరికీ పెద్దగా దక్కేదేమీ ఉండదు. ఈలోగా ఫైనాన్సు వాయిదాలు మాత్రం ఆగవు.

యజమాని ఎన్‌డీపీఎస్ కేసులు విచారించే ప్రత్యేక కోర్టులో తాత్కాలిక కస్టడీ కోసం పిటిషన్ వేయాలి. ఇప్పుడు అది క్రిమినల్ కేసుల విచారణ పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 497, 503 సెక్షన్ల కింద వస్తుంది. ఆర్‌సీ, బీమా, పర్మిట్ పత్రాలతో పాటు లోడు ఎవరిది, ఎక్కడ ఎక్కింది, డ్రైవరును ఎలా చేర్చుకున్నారు అన్నది చూపే కాగితాలు ఉంటే వాదన గట్టిపడుతుంది. నోటిమాటపై అద్దెకిచ్చిన బండి విషయంలో ఈ ఆధారాలే దొరకవు, అందుకే అసలు కష్టమంతా అక్కడ మొదలవుతుంది.

విడుదల ఉత్తర్వు వచ్చినా బండి పూర్తిగా యజమానిదైపోయినట్టు కాదు. దర్యాప్తు అధికారి వీడియో, ఫొటోలు తీయించి జాబితా రాయించాలి. విచారణ ముగిసేదాకా బండిని అమ్మకూడదు, చేతులు మార్చకూడదు. చివరకు జప్తుకు ఉత్తర్వు వస్తే బండినైనా, దాని విలువనైనా కోర్టుకు అప్పగిస్తానని యజమాని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. ఇన్ని షరతులు చేతిలో ఉన్నప్పుడు, నిందితుల జాబితాలో పేరే లేని యజమాని పిటిషన్‌ను వాయిదాల మీద వాయిదాలతో సాగదీయడానికి నాకు ఏ కారణమూ కనిపించడం లేదు.