పోటీ తూటాను మనమే తయారుచేసుకోవడం: తూకం చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి

సభకు నమస్కారం. బెంచ్‌రెస్ట్ పోటీల్లో పాల్గొనేవారిలో కొందరు బజారులో దొరికే తూటాలతో తృప్తిపడక, వాటిని తమ పనిబల్ల మీద తామే తయారుచేసుకుంటారు. ఆ పనిలో నిజంగా ఫలితాన్ని మార్చేది ఏది, మారుస్తుందని మనం ఊరికే నమ్మేది ఏది అన్నదే ఈ రోజు నా విషయం. పేలుడు మందు, దాన్ని నింపే లోహపు గొట్టమైన కేసు, మందును అంటించే ప్రైమర్, వీటి జోలికి వెళ్లను. బారెల్ నుంచి వెలువడే లోహపు ముక్క గురించి మాత్రమే మాట్లాడతాను.

ఈ పోటీ తీరు తెలియనివారి కోసం రెండు మాటలు. రైఫిల్‌ను బల్ల మీద, ముందు ఒక రెస్ట్‌పైన, వెనుక ఒక ఇసుక సంచిపైన ఆనించి, ఒకే లక్ష్యం మీద ఐదు గుళ్లు పేలుస్తారు. గ్రూప్ పోటీలో అవి లక్ష్యం నడిబొడ్డున పడ్డాయా లేదా అన్నది ఎవరికీ పట్టదు; ఒకదానికొకటి ఎంత దగ్గరగా పడ్డాయన్నదే లెక్క. అన్నిటికన్నా దూరంగా ఉన్న రెండు రంధ్రాల కేంద్రాల మధ్య దూరాన్ని కొలిచి, అలాంటి ఐదు గ్రూపుల సగటును అగ్రిగేట్ అంటారు. ఈ క్రీడకు అమెరికాలో 1951లో జాతీయ సంఘం ఏర్పడింది. నేటి మేటి షూటర్లు 100 గజాల దూరంలో సాధించే అగ్రిగేట్ 0.2 అంగుళాల చుట్టుపక్కల ఉంటుంది. తూటా వ్యాసమే 0.243 అంగుళాలు కనుక, ఐదు రంధ్రాలూ కలిసిపోయి కాగితం మీద ఒకటే చిరిగిన రంధ్రంగా కనబడతాయన్నమాట.

సొంతంగా తూటాలు చేసుకోవడం కొత్త సరదా ఏమీ కాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో జాకెట్ (సీసం మీద ఉండే లోహపు తొడుగు) ఉన్న మంచి తూటాలకు కొరత ఏర్పడినప్పుడు, కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌కు చెందిన ఫ్రెడ్ హంటింగ్టన్, వాడేసిన చిన్న 0.22 రిమ్‌ఫైర్ కేసులనే జాకెట్లుగా మలిచే డైలను (లోహాన్ని నొక్కి ఆకారమిచ్చే అచ్చులను) 1943లో చేయడం మొదలుపెట్టాడు. నేడు రీలోడింగ్ (వాడిన కేసులను మళ్లీ నింపే) పనిముట్లకు పేరుపొందిన ఆర్‌సీబీఎస్ సంస్థ పుట్టింది ఆ డైల నుంచే. 1975లో వచ్చి ఈ పోటీని ఏలుతున్న 6 పీపీసీ అనే కార్ట్రిడ్జ్ (కేసు, మందు, ప్రైమర్, తూటా కలిసిన మొత్తం) రూపకర్తలు ఇద్దరిలో ఒకడైన ఫెరిస్ పిండెల్ కూడా డైలు చేసే పనివాడే. ఈ క్రీడ లేథు దగ్గర పనిచేసినవారి చేతుల్లో పెరిగిందనడం అతిశయోక్తి కాదు.

ఇక అసలు సంగతికి వస్తాను. 6 పీపీసీ రైఫిల్ బారెల్ లోపల మెలికగా చెక్కిన గాళ్లు సాధారణంగా 14 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి. తూటా సెకనుకు 3,300 అడుగుల వేగంతో వెలువడితే, అది నిమిషానికి దాదాపు 1,70,000 సార్లు తన చుట్టూ తాను తిరుగుతూ ఉంటుంది. బారెల్ లోపల ఉన్నంతసేపు గోడలు దాన్ని పట్టి ఉంచుతాయి కనుక అది తన ఆకారపు అక్షం చుట్టూనే తిరగక తప్పదు. మూతి దాటిన క్షణాన ఆ పట్టు పోతుంది. తూటా గరిమనాభి, అంటే బరువు కేంద్రం, ఆ అక్షం మీద కాకుండా కొంచెం పక్కకు ఉంటే, ఒడిసెల వదిలిన రాయిలాగా, ఆ క్షణంలో అది ఏ దిక్కుకు కదులుతూ ఉందో ఆ దిక్కుకు తూటా మొత్తం స్వల్పంగా విసరబడుతుంది.

ఆ విసురు ఎంత? లెక్క సులభం: గరిమనాభి ఎంత పక్కకు జరిగిందో ఆ దూరాన్ని రెండు పైలతో గుణించి, గాళ్ల చుట్టు పొడవుతో భాగించాలి. గరిమనాభి అంగుళంలో 10,000వ వంతు పక్కకు జరిగిందనుకుందాం. 100 గజాల దూరంలో ఆ తూటా 0.16 అంగుళం పక్కకు పడుతుంది. రెండు తూటాలు ఎదురెదురు దిక్కుల్లో అలా పడితే వాటి మధ్య ఎడం 0.32 అంగుళాలు. గెలిచే అగ్రిగేట్ 0.2 అయినప్పుడు, కంటికి కనబడని, మామూలు మైక్రోమీటర్‌కు కూడా సరిగా అందని ఆ తేడా పోటీని ముగించేస్తుంది.

ఇప్పుడు తూకం సంగతి చూడండి. 68 గ్రెయిన్ల తూటాలో, అంటే సుమారు 4.4 గ్రాములలో, 0.1 గ్రెయిన్ తేడా ఉందనుకుందాం. దానివల్ల వేగంలో వచ్చే మార్పు సెకనుకు రెండు అడుగుల ప్రాంతంలో ఉంటుంది. 100 గజాలు వెళ్లేసరికి తూటా భూమ్యాకర్షణ వల్ల కిందికి దిగేదే రెండు అంగుళాల లోపు. అందులో ఈ మార్పు తెచ్చే తేడా అంగుళంలో 400వ వంతు కూడా ఉండదు. అయినా షూటర్లు గంటల తరబడి తూకం ముందు కూర్చుని తూటాలను డబ్బాల్లోకి విడదీస్తూనే ఉంటారు. తూకం ప్రతి ఇంటా ఉంటుంది, అంకె వెంటనే చూపిస్తుంది. గరిమనాభిని చూపించే పరికరం అంత తేలికగా దొరకదు. కొలవగలిగినదే ముఖ్యమని భ్రమపడటం మన రంగంలో పాత జబ్బు. అయితే తూకం పనికిరానిదని నేను అనడం లేదు. అది పనికివచ్చే చోటు వేరే ఉంది. అక్కడికి వస్తాను.

గరిమనాభి పక్కకు జరగడానికి మొదటి కారణం జాకెట్. అది 95 పాళ్లు రాగి, 5 పాళ్లు జింకు కలిసిన మిశ్రలోహం, సాంద్రత 8.8 ప్రాంతం. లోపలి సీసం సాంద్రత 11.3. జాకెట్ గోడ ఒక వైపు మందంగా, ఎదురు వైపు పలచగా ఉంటే, బరువైన సీసం పలచని వైపుకు జరిగి కూర్చుంటుంది. గోడ మందంలో 0.0003 అంగుళం తేడా ఉంటే 6 మిల్లీమీటర్ల తూటాలో గరిమనాభి జరిగేది దాదాపు 0.00002 అంగుళం, లక్ష్యం మీద 0.03 అంగుళం. ఇది భరించదగినదే, కానీ గోడ తేడా మూడింతలైతే 0.1 అంగుళం అవుతుంది. అందుకే తెలిసినవారు జాకెట్లను డయల్ గేజ్ ఉన్న స్టాండు మీద తిప్పి చూసి, ఒకే లాట్ (ఒకే విడతలో తయారైన) జాకెట్లను పెద్ద మొత్తంలో ఒకేసారి కొనిపెట్టుకుంటారు. తూటా తయారైన తరువాత ఈ లోపాన్ని సరిదిద్దే మార్గం లేదు.

జాకెట్ లోపలి సీసం ముద్ద, అంటే కోర్, విషయానికి వద్దాం. తీగగా వచ్చే మెత్తటి సీసాన్ని సమానమైన ముక్కలుగా కోసి, ప్రతి ముక్కనూ ఒక డైలో పెట్టి నొక్కుతారు. ఆ డై గోడలోని సన్నని రంధ్రాల గుండా అదనపు సీసం దారాల్లాగా బయటికి వచ్చేస్తుంది. మిగిలేది ఒకే పరిమాణంలో ఉన్న కోర్. తరువాత ఆ కోర్లకు అంటిన కందెనను ద్రావకంతో పూర్తిగా కడిగేయాలి. చాలామంది తొందరపడేది ఈ మెట్టు దగ్గరే. కోర్‌కూ జాకెట్‌కూ మధ్య జిడ్డు మిగిలితే ఆ రెండూ గట్టిగా పట్టుకోవు, అంత భ్రమణ వేగంలో లోపలి సీసం జారవచ్చు.

ఆ తరువాతిది కోర్ సీటింగ్. నా దృష్టిలో తూటా మంచిచెడ్డలు తేలేది ఇక్కడే. కోర్‌ను జాకెట్‌లో వేసి, ఆ రెంటినీ డైలోకి పంపి, పంచ్ అనే కడ్డీతో నొక్కుతారు. ఆ ఒత్తిడికి సీసం ద్రవంలాగా ప్రవర్తించి జాకెట్‌ను డై గోడ వరకు ఉబ్బిస్తుంది. ఒత్తిడి తీసేయగానే జాకెట్ తన స్థితిస్థాపకత వల్ల కొంచెం లోపలికి ముడుచుకుంటుంది. సీసానికి ఆ గుణం లేదు కనుక అది కదలదు. ఫలితంగా జాకెట్ కోర్‌ను బిగించి పట్టుకుంటుంది. అందుకే ఈ పనిలో తొలి సూత్రం ఒకటుంది: ప్రతి మెట్టులోనూ వస్తువు డై కన్నా కొంచెం చిన్నదిగా వెళ్లి ఉబ్బాలి, పెద్దదిగా వెళ్లి కుంచించుకోకూడదు. కుంచింపజేస్తే ఇదే స్థితిస్థాపకత ఎదురుతిరిగి, జాకెట్ బయటికి సాగి, కోర్ వదులవుతుంది. పైకి ఆ తూటా నిగనిగలాడుతూ, తూకంలో అచ్చుగుద్దినట్టు సరిపోతూనే ఉంటుంది.

తూకానికి అసలు పని ఇక్కడ ఉంది. చేతి ప్రెస్ మీట ప్రతిసారీ ఒకే చోట ఆగుతుంది. కోర్‌లో సీసం కొంచెం ఎక్కువైతే లోపలి ఒత్తిడి పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ఆ మేరకు జాకెట్ ఉబ్బడంలోనూ, బిగువులోనూ తేడా వస్తుంది. కాబట్టి కోర్ల బరువు సమానంగా ఉండాలనేది తూటా గాలిలో ఎగిరే తీరు కోసం కాదు, డైలో ప్రతి తూటా ఒకే ఒత్తిడికి లోనుకావడం కోసం. తూచవలసింది కోర్‌ను, ఆ తరువాత తయారైన తూటాను కాదు. పంచ్ కూడా జాకెట్ లోపలి వ్యాసానికి సరిగ్గా సరిపోవాలి. చిన్నదైతే సీసం దాని పక్కనుంచి పైకి పాకుతుంది, పెద్దదైతే జాకెట్ గోడను గీరుతుంది. జాకెట్ గోడ దాని తెరిచిన చివర వైపు పలచబడుతూ పోతుంది కనుక, తూటా బరువు మారిస్తే పంచ్ కూడా మార్చవలసి వస్తుంది.

చివరి డై తూటాకు మొనదేరిన ముక్కును ఇస్తుంది. మంచి డైలను టంగ్‌స్టన్ కార్బైడ్‌తో చేస్తారు. జాకెట్‌కు లానోలిన్ అనే కందెనను పలచగా, అన్నిటికీ ఒకే విధంగా పట్టించాలి. ఎక్కువైతే ముక్కు మీద సొట్టలు పడతాయి. ముక్కు చివర కనబడే చిన్న రంధ్రం కొంచెం అటూ ఇటూ అయినా భయపడవలసిన పని లేదు. భయపడవలసింది అడుగు భాగం విషయంలో. అమెరికా వైద్యుడు ఫ్రాంక్లిన్ మాన్ ఏళ్ల తరబడి తూటాలను కావాలనే చెడగొట్టి పేల్చి చూసి, 1909లో ప్రచురించిన ఫలితాల్లో ముక్కు దెబ్బతిన్న తూటా కన్నా అడుగు దెబ్బతిన్న తూటా ఎక్కువ దారి తప్పుతుందని చూపాడు. మూతి దాటేటప్పుడు వాయువు చివరిగా తోసేది ఆ అడుగునే కదా. అది అక్షానికి లంబంగా, అంచు చుట్టూ ఒకేలా ఉండాలి.

జాగ్రత్తల గురించి క్లుప్తంగా చెబుతాను. సీసం విషం. చేతి తొడుగులు వేసుకోవాలి, పని చేసే చోట తినకూడదు, ద్రావకాలను గాలి ఆడే చోటే వాడాలి, ఆ గది పిల్లలకు అందుబాటులో ఉండకూడదు. ఈ పరికరాలకూ తూటాలకూ వర్తించే చట్టాలు దేశాన్ని బట్టి మారతాయి. డై కొనడానికి ముందే మీ చోటి అనుమతుల సంగతి తెలుసుకోవాలి.

తయారైన తూటాలను పరీక్షించేటప్పుడు ఒక చక్కటి గ్రూప్ చూసి మురిసిపోవద్దు. మంచి బారెల్‌లో మధ్యరకం తూటా కూడా అప్పుడప్పుడు అద్భుతంగా పడుతుంది. మీ తూటాలనూ, నమ్మకమైన మరో లాట్‌నూ ఒకే బారెల్‌లో, ఒకే రోజున, గాలి జెండాలను చూస్తూ, గ్రూప్ విడిచి గ్రూప్ పేల్చండి. రెండు లాట్ల అగ్రిగేట్లను పక్కపక్కన రాసుకోండి. తేడా కనబడకపోతే ముందు జాకెట్ లాట్‌ను, తరువాత కోర్ సీటింగ్ ఒత్తిడిని మార్చి చూడండి. ముక్కు డైని మాత్రం చివరిదాకా కదిలించవద్దు. ఒకసారి కుదిరిన ఆ అమరికను మళ్లీ పట్టుకోవడం అన్నిటికన్నా కష్టం.