జాక్2 పీసీఆర్ ప్రాక్టికల్ రివ్యూ: ఒక్క అక్షరం తేడా స్టూడెంట్ ల్యాబ్‌లో దొరుకుతుందా?

నమస్తే అండీ. ఇవాళ రివ్యూ చేస్తున్నది మెషీన్‌ని కాదు, ఒక ప్రాక్టికల్‌ని. రక్త క్యాన్సర్లకు సంబంధించిన జాక్2 అనే జీన్‌లోని మ్యుటేషన్‌ని పీసీఆర్‌తో, అంటే డీఎన్‌ఏలో కావాల్సిన ముక్కని లక్షల కాపీలుగా పెంచే పద్ధతితో, పట్టుకునే ప్రయోగం. ఎమ్మెస్సీ పిల్లలతో మూడు బ్యాచ్‌లు చేయించాక మాట్లాడుతున్నాను.

ఆ జీన్‌లో 1849వ స్థానంలో 'జి' ఉండాల్సిన చోట 'టి' వస్తుంది. అంతే, ఒక్క అక్షరం. దాంతో ఎముక మజ్జలో రక్తకణాల తయారీకి పగ్గాలు ఉండవు. పాలిసైథీమియా వెరా (ఎర్రకణాలు మితిమీరి తయారయ్యే రక్త క్యాన్సర్) ఉన్నవాళ్లలో దాదాపు 95 శాతం మందికి ఈ మార్పే ఉంటుంది. 2005లో నాలుగు బృందాలు ఇంచుమించు ఒకేసారి దీన్ని బయటపెట్టాయి.

నాకు బాగా నచ్చింది ప్రైమర్ల ఏర్పాటు. ప్రైమర్లంటే కాపీ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్‌ఏ ముక్కలు. ఒకే ట్యూబులో మూడు. ఒకదాని కొస మారిన అక్షరానికే సరిపోతుంది, అది పనిచేస్తే 203 బేస్‌ల (అక్షరాల) ముక్క వస్తుంది. ఇంకోటి మార్పు ఉన్నా లేకపోయినా 364 ముక్కని ఇస్తుంది. మూడోది ఆ రెండిటికీ ఉమ్మడి. కాబట్టి జెల్ మీద 364 బ్యాండ్ (ఆ ముక్క గీత) కనబడలేదంటే ఆ రియాక్షనే జరగలేదు, దాన్ని 'నెగెటివ్' అని రికార్డులో రాయనివ్వకండి.

ఇప్పుడు ఈ జెల్ చూడండి. ఇది మా మొదటి బ్యాచ్‌ది, డీఎన్‌ఏ ముక్కల్ని సైజువారీగా విడదీసే 2 శాతం అగరోజ్. ల్యాడర్ (ముక్కల సైజుల కొలబద్ద) పక్కన హెల్ సెల్ లైన్ (ఈ మార్పు ఉన్న, ల్యాబ్‌లో పెంచే క్యాన్సర్ కణాలు) డీఎన్‌ఏ, 203 దగ్గర గట్టి బ్యాండ్. దాని పక్కన మామూలు డీఎన్‌ఏ. ఇక్కడ కూడా 203 దగ్గర సన్నటి గీత ఉంది, చూశారా? అనీలింగ్ (ప్రైమర్ డీఎన్‌ఏకి అతుక్కునే దశ) 55 డిగ్రీలు పెట్టాం, ఆ వేడిలో కొస కుదరని ప్రైమర్ కూడా అతుక్కుపోయింది. 58కి పెంచాక ఆ గీత పోయింది. చివరి లేన్ వట్టి నీళ్లది. అందులోనూ బ్యాండ్! మాస్టర్ మిక్స్ (డీఎన్‌ఏ శాంపిల్ తప్ప మిగతావి ఉన్న మిశ్రమం) కలిపిన బల్ల మీదే డీఎన్‌ఏ వేశాం, అదీ కారణం. రెండో బ్యాచ్‌కి బల్లలు, పిపెట్లు వేరు చేసి, ఫిల్టర్ టిప్పులు వాడాం, నీళ్ల లేన్ ఖాళీగా వచ్చింది. ఆ రెండు జెల్స్ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు పిల్లలకి కంట్రోల్ (నీళ్ల లేన్ లాంటి సరిచూసుకునే శాంపిల్) ఎందుకో అర్థమైనంతగా నా లెక్చర్లలో ఎప్పుడూ అర్థం కాలేదు.

పిల్లల సొంత రక్తం మాత్రం వాడకండి. అనుకోకుండా ఎవరికైనా బ్యాండ్ వస్తే, ఆ మాట చెప్పే అర్హత క్లాస్‌రూమ్‌కి లేదు. సెల్ లైన్ డీఎన్‌ఏ చాలు.

లోటు ఒకటుంది. హెల్ డీఎన్‌ఏని మామూలు దాంట్లో 50, 10, 5, 1 శాతంగా కలిపి నడిపాం. 5 దాకా బ్యాండ్ కనిపించింది, 1 దగ్గర ఇద్దరు ఉందన్నారు, ముగ్గురు లేదన్నారు. ఎంత శాతం ఉందో లెక్క తేలాలంటే రియల్ టైమ్ పీసీఆర్ (కాపీలు పెరుగుతుండగానే కొలిచేది) కావాలి, అది మా ల్యాబ్‌లో లేదు.