పెదనాన్న డిశ్చార్జ్ బుక్‌లో లేని నక్షత్రం: మాజీ సైనికుల మెడల్స్ రికార్డులో ఎక్కించుకోవడం ఎలా?

[తెరమీద: నల్ల ట్రంకు పెట్టె. మూత మీద తెల్ల పెయింటుతో రాసిన నంబరు, పేరు. సగం చెరిగిపోయింది.]

నమస్కారమండీ. ఈ పెట్టె మా పెదనాన్నది. మిలిటరీ నుంచి వచ్చేటప్పుడు భుజాన వేసుకుని తెచ్చుకున్నారు. 1986 ఆగస్టులో గోదావరి పొంగి మా లంకలోకి నీళ్ళొచ్చినప్పుడు, పెదమ్మ బియ్యం సంగతి తరవాత చూద్దామని ముందు దీన్ని అటకెక్కించిందట. ఆ పని చేసింది కాబట్టే ఈరోజు నేను ఈ వీడియో చేయగలుగుతున్నాను.

[పెట్టె తెరుచుకుంటుంది. అడుగున గుడ్డలో చుట్టిన డిశ్చార్జ్ బుక్.]

ఆ మధ్య ఒక సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు, సైన్యం నుంచి వచ్చేసేటప్పుడు సర్వీసు వివరాలు రాసిచ్చే ఈ బుక్ తీసి చదివాను. మెడల్స్ అన్న చోట మూడు పేర్లున్నాయి. సంగ్రామ్ మెడల్, 25వ స్వాతంత్ర్య వార్షికోత్సవ మెడల్, తొమ్మిదేళ్ళ లాంగ్ సర్వీస్ మెడల్. అంతే. మా పెదనాన్న 1971 డిసెంబరులో తూర్పు సరిహద్దు దాటి వెళ్ళిన మనిషి. చిన్నప్పటి నుంచి ఆ కబుర్లు వింటూ పెరిగాం. మరి ఆ రంగంలో పనిచేసినవాళ్ళకు ఇచ్చే పూర్వీ స్టార్ ఏదీ?

"ఇది ఎందుకు లేదండీ పెదనాన్నా?" అన్నాను.

"వాటికి పేర్లు రాసేటప్పుడు నేను ఆస్పత్రిలో ఉన్నాన్రా. అట్నుంచి అటే వేరే యూనిట్‌కి వేశారు. ఎవర్నడగాలో తెలీలేదు. ఇప్పుడెందుకులే."

ఈ "ఇప్పుడెందుకులే" అన్న మాట మన గోదావరి జిల్లాల్లో ఎన్ని ఇళ్ళల్లో వినిపిస్తుందో నాకు తెలుసు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. తరతరాలుగా పటాలాలకి మనుషుల్ని పంపిన ఊరు అది. అలాంటి ఊళ్ళున్న చోట, రికార్డులో పడని మెడల్ ఒక్క మా పెదనాన్నకే మిగిలిపోయిందనుకోను. అందుకే తెలుసుకున్నదంతా వరుసగా చెబుతాను.

ముందుగా, అసలు ఇది ఎలా తప్పిపోతుంది?

[తెరమీద: యూనిట్ నుంచి రికార్డ్ ఆఫీసుకు బాణం గుర్తు.]

శౌర్య పురస్కారాల దారి వేరు. పరమవీర చక్ర దగ్గర్నుంచి సేనా మెడల్ దాకా పేరుపేరునా ప్రకటిస్తారు, గెజిట్‌లో అచ్చవుతాయి. అవి తప్పిపోవడం అరుదు. కానీ ఫలానా యుద్ధంలో ఉన్నారు, ఫలానా మంచుకొండ మీద ఇన్నాళ్ళు పనిచేశారు అని ఇచ్చే మెడల్స్‌కి గెజిట్‌లో పేర్లుండవు. వాటికి యూనిట్ వాళ్ళు అర్హుల జాబితా తయారు చేసి, సర్వీసు కాగితాలు ఉండే రికార్డ్ ఆఫీసుకు పంపాలి. అక్కడ పరిశీలించాక పార్ట్ టూ ఆర్డర్ అనే ఉత్తర్వు వెలువడుతుంది. దాని నంబరు, తేదీ ఆ సైనికుడి సర్వీసు పత్రం, అంటే షీట్ రోల్‌లో ఎక్కుతాయి. డిశ్చార్జ్ బుక్‌లో రాసేది ఆ షీట్ రోల్ చూసి రాసిందే.

అంటే, జాబితా తయారయ్యే రోజుల్లో మీరు ఆస్పత్రిలో ఉన్నా, కోర్సుకి వెళ్ళినా, ఇంకో యూనిట్‌కి అటాచ్‌మెంట్ మీద ఉన్నా పేరు జారిపోవచ్చు. పాత యూనిట్ "ఇప్పుడు మా దగ్గర లేడు" అనుకుంటుంది, కొత్త యూనిట్ "అప్పుడు మా దగ్గర లేడు" అనుకుంటుంది. మా పెదనాన్న విషయంలో జరిగింది ఇదే.

రెండో కారణం మన పేర్లు. ఇది కాస్త నిదానంగా వినండి, ఎందుకంటే తెలుగువాళ్ళకి ఈ బాధ ఎక్కువ. మన ఇంటిపేరు ముందుంటుంది. ఉత్తరాది క్లర్కు చివరి మాటని ఇంటిపేరు అనుకుంటాడు. ఒక కాగితంలో "రావు" ఇంటిపేరయి కూర్చుంటుంది, ఇంకో కాగితంలో ఇంటిపేరు పొడి అక్షరమై మిగులుతుంది. అన్నవరం సత్యదేవుడి దయవల్ల మన వైపు సత్యనారాయణలకు లోటు లేదు కదా, ఆ పేరునే ఒకచోట రెండు ముక్కలుగా, ఒకచోట ఒకటిగా, ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక అక్షరం ఎక్కువగా రాస్తారు. ఒకే యూనిట్‌లో ఇద్దరు సత్యనారాయణలుంటే ఒకరి ఎంట్రీ ఇంకొకరి ఖాతాలో పడిపోవచ్చు. కాబట్టి ఉత్తరంలో పేరుకంటే ముందు ఆర్మీ నంబరు రాయండి. నంబరు చివర ఇంగ్లీషు అక్షరం ఒకటి ఉంటే దాన్నీ వదలొద్దు.

ఏ మెడల్ తప్పిపోయిందో కనుక్కోవడానికి ఒక తేలిక గుర్తు చెబుతాను.

[తెరమీద మూడు జతలు ఒక్కొక్కటిగా కనిపించాలి.]

మన దేశం పెద్ద పోరాటాలకు సాధారణంగా ఒక స్టార్, ఒక మెడల్ పెట్టింది. 1965లో సమర్ సేవా స్టార్, రక్షా మెడల్. 1971లో తూర్పుకి పూర్వీ స్టార్, పడమటికి పశ్చిమీ స్టార్, విస్తృతంగా ఇచ్చింది సంగ్రామ్ మెడల్. 1999 కార్గిల్‌కి ఆపరేషన్ విజయ్ స్టార్, ఆపరేషన్ విజయ్ మెడల్. స్టార్ ముందువరసలో, నిర్ణయించిన ప్రాంతాల్లో ఉన్నవాళ్ళది. మెడల్ ఇంకా ఎక్కువమందికి దక్కింది. అర్హత ఉంటే రెండూ వస్తాయి. మీ నాన్నగారు ముందువరసలో ఉన్నానని చెబుతూ, బుక్‌లో మాత్రం మెడల్ ఒక్కటే ఉంటే, అక్కడ ఆగి చూడండి.

ఇవి కాక శ్రీలంక వెళ్ళినవాళ్ళకి స్పెషల్ సర్వీస్ మెడల్ మీద శ్రీలంక పేరున్న క్లాస్ప్ (రిబ్బను మీద పెట్టే పట్టీ), సియాచిన్‌లో ఉన్నవాళ్ళకి సియాచిన్ గ్లేషియర్ మెడల్, ఎత్తు ప్రాంతాలకి హై ఆల్టిట్యూడ్ మెడల్, విదేశాల్లో పనిచేసినవాళ్ళకి విదేశ్ సేవా మెడల్ ఉన్నాయి. 1972 ఆగస్టు 15నో 1997 ఆగస్టు 15నో సర్వీసులో ఉన్నవాళ్ళు స్వాతంత్ర్య వార్షికోత్సవ మెడల్ ఉందో లేదో చూసుకోండి. తొమ్మిదేళ్ళకి, ఇరవై ఏళ్ళకి లాంగ్ సర్వీస్ మెడల్స్ ఉన్నాయి.

ఇక రుజువులు. "నేనక్కడున్నాను" అంటే సరిపోదు, కాగితం కావాలి. మాకు దొరికిన కాగితం ఎవరూ అనుకోని చోట దొరికింది.

[ఇన్‌లాండ్ ఉత్తరాల కట్ట. ముద్రల మీద నిదానంగా కెమెరా.]

పెదమ్మ దాచుకున్న ఉత్తరాలివి. పెళ్ళయిన కొత్తలో ఆయన రాసినవి. లోపలి సంగతులు మనకి అక్కర్లేదు, చదవలేదు కూడా. పైన చూడండి. యూనిట్ పేరు, 99 ఏపీఓ, అంటే ఆర్మీ పోస్టాఫీసు. తూర్పు వైపు ఉన్న దళాల ఉత్తరాలకి ఆ చిరునామా, మిగతా వైపు 56 ఏపీఓ. ముద్రలో ఫీల్డ్ పోస్టాఫీసు నంబరు, తేదీ కూడా ఉన్నాయి. ఇదొక్కటే మెడల్ తెచ్చిపెట్టదు. కానీ ఆయన ఫలానా నెలల్లో ఫలానా యూనిట్‌తో తూర్పున ఉన్నారని రికార్డ్స్ వాళ్ళు ఎక్కడ వెతకాలో ఇది చూపిస్తుంది. పాత గ్రూప్ ఫోటోలు, ఆస్పత్రి కాగితాలు, సెలవు సర్టిఫికెట్లు, అన్నీ బయటికి తీయండి. ఒరిజినల్స్ మాత్రం ఎవరికీ పంపొద్దు. జిరాక్సులే పంపండి.

మన వైపు వరదకో, 1996 నవంబరు తుపానుకో కాగితాలు పోగొట్టుకున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. డిశ్చార్జ్ బుక్కే పోతే ఊరుకోవద్దు. పోలీసు రిపోర్టు, అఫిడవిట్ జతచేసి దాని సంగతి కూడా రికార్డ్ ఆఫీసుకే రాయాలి.

ఎక్కడికి రాయాలి? ఆయన ఏ రెజిమెంటో ఏ కోరో, దాని రికార్డ్ ఆఫీసుకి. మద్రాస్ రెజిమెంట్‌కి నీలగిరుల్లోని వెల్లింగ్టన్. ఆర్టిలరీకి నాసిక్ రోడ్ క్యాంప్. సిగ్నల్స్‌కి జబల్‌పూర్. వాహనాలు, ఆయుధాలు బాగుచేసే ఈఎంఈకి, ఆయుధ సామగ్రి సరఫరా చేసే ఆర్డ్‌నెన్స్‌కి మన సికింద్రాబాద్. మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌కి బెంగళూరు. మెడికల్ కోర్‌కి లక్నో. ఎయిర్‌ఫోర్స్‌కి ఢిల్లీ సుబ్రతో పార్క్, నేవీకి ముంబయి. రిటైరయ్యాక డిఫెన్స్ సెక్యూరిటీ కోర్, అంటే డీఎస్‌సీలో మళ్ళీ చేరినవాళ్ళు జాగ్రత్త. డీఎస్‌సీ రికార్డ్స్ కన్నూర్‌లో ఉంటాయి, కానీ మొదటి సర్వీసు నాటి మెడల్స్ గురించి పాత రెజిమెంట్ రికార్డ్స్‌నే అడగాలి.

ఉత్తరంలో ఏముండాలో చెబుతాను. మొదట మేం రాసింది తప్పుగా రాశాం. "మా పెదనాన్నకి రావలసిన మెడల్ ఇప్పించండి" అని రాశాం. దానికి జవాబు రాలేదు. రెండోసారి, తెలిసిన ఒక సుబేదార్ గారు దగ్గర కూర్చుని మార్చి రాయించారు.

[తెరమీద ఉత్తరం నమూనా.]

ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు, చేరిన తేదీ, డిశ్చార్జ్ తేదీ. ఏ యూనిట్‌లో ఎప్పటి నుంచి ఎప్పటి దాకా. తరవాత మూడు అడగాలి. నా షీట్ రోల్‌లో మెడల్స్ ఉన్న పేజీ నకలు ఇవ్వండి. పూర్వీ స్టార్ గురించి నా పేరున పార్ట్ టూ ఆర్డర్ వెలువడిందా, అయితే దాని నంబరు, తేదీ చెప్పండి. వెలువడకపోతే, జతచేసిన రుజువులు చూసి ఆర్డర్ వేసి రికార్డులో ఎక్కించండి. మెడల్ కావాలన్న మాట ఆ తరవాతే. ఎందుకంటే ఎంట్రీ లేనిదే మెడల్ లేదు.

ఇంగ్లీషులోగానీ హిందీలోగానీ రాయండి. సంతకం సైనికుడిదే ఉండాలి, వేలిముద్ర అయితే అటెస్ట్ చేయించాలి. ఆయన లేకపోతే భార్య, ఆమె కూడా లేకపోతే పిల్లలు రాయొచ్చు, మరణ ధ్రువపత్రం జతచేసి. ఉమ్మడి జిల్లాల రోజుల నుంచీ సైనిక్ వెల్ఫేర్ ఆఫీసులు కాకినాడలో, ఏలూరులో ఉన్నాయి. అక్కడ ఫార్వర్డింగ్ లెటర్ పెట్టించుకుంటే మంచిది. స్పీడ్ పోస్టులో పంపి, రసీదు డిశ్చార్జ్ బుక్‌లోనే పెట్టుకోండి.

జవాబు రాకపోతే ఆర్టీఐ. 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ జతచేసి, అదే షీట్ రోల్ పేజీ నకలు అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. సమాచారం ఇవ్వడం వరకే ఆ చట్టం పని, తప్పు దిద్దించలేదు. కానీ కాగితం చేతికొస్తే తప్పు ఎక్కడుందో కనిపిస్తుంది. అప్పటికీ దిద్దకపోతే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రైబ్యునల్ ఉంది, మనకి చెన్నై బెంచ్. మెడల్ కోసం అంతదాకా వెళ్ళే అవసరం రాకూడదనే కోరుకుంటాను.

ఒక కష్టమైన విషయం కూడా చెప్పాలి. పింఛను రాకుండా తక్కువ సర్వీసుతో వచ్చేసినవాళ్ళ పత్రాల్ని 25 ఏళ్ళ తరవాత తీసేస్తారు. పేర్ల చిట్టా అయిన లాంగ్ రోల్‌లో ఒక వరుస మాత్రం మిగులుతుంది. మీ ఇంట్లో అలాంటివాళ్ళుంటే పెట్టెలోని కాగితమే దాదాపు ఏకైక సాక్ష్యం. చెదలు పట్టకముందు ఫోటో తీసి పెట్టండి, ఈరోజే.

[హోస్ట్ కెమెరా వైపు.]

డబ్బు వస్తుందా అని చాలామంది అడిగారు. ఇలాంటి సర్వీస్ మెడల్స్‌తో పింఛను పెరగదు. శౌర్య పురస్కారాలకే నెలనెలా భత్యం ఉంది, 2017లో పెంచాక సేనా మెడల్ శౌర్యానికి నెలకు 2,000, పరమవీర చక్రకి 20,000. కాబట్టి "మెడల్ ఎక్కిస్తే ఎరియర్స్ వస్తాయి, ఇంత ఇవ్వండి" అంటూ వచ్చేవాళ్ళని నమ్మకండి. పింఛను పోర్టల్ స్పర్శ్ పాస్‌వర్డు, ఓటీపీ ఎవరికీ చెప్పకండి. ఈ పనికి అవి అక్కర్లేదు.

కంటోన్మెంట్ బజార్లలో మెడల్స్ అచ్చం అలాంటివే అమ్ముతారు. పోయిన మెడల్ బదులు రిబ్బను కట్టుకోవడానికి కొనేవాళ్ళున్నారు, తప్పు పట్టను. కానీ రికార్డులో లేనిదాన్ని కొని తగిలించుకోవడం మాత్రం వద్దు. మా పెదనాన్నకి ఒకసారి నేనే కొనిస్తానన్నాను. ఆయన కోప్పడలేదు. పాత సంగ్రామ్ మెడల్ నా చేతిలో పెట్టి, అంచు తిప్పి చూపించారు.

[మెడల్ అంచు దగ్గరగా. చెక్కిన నంబరు, పేరు.]

"కొన్నదాని మీద ఇది ఉంటుందా?" అన్నారు.

మాకు జవాబు రావడానికి ఏడాది దాటింది. ఉత్తరంలో నాలుగే వాక్యాలు. పార్ట్ టూ ఆర్డర్ నంబరు, తేదీ, షీట్ రోల్‌లో ఎక్కించామన్న మాట, మెడల్ తరవాత పంపుతామన్న మాట. ఆ ఐదు కొనల నక్షత్రం ఇంకా రాలేదు. పెదనాన్న కళ్ళజోడు పెట్టుకుని నంబరు మూడుసార్లు చదివారు, చివరి అక్షరంతో సహా. ఉత్తరం మడిచి, పెదమ్మ ఇన్‌లాండ్ కట్ట పైన పెట్టి పెట్టె మూశారు.

మర్నాడు పొద్దున్నే నేను నిద్ర లేచేసరికి వీధి అరుగు మీద కూర్చుని ఉన్నారు. చేతిలో ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఇంకో డిశ్చార్జ్ బుక్. పక్క ఊళ్ళో చనిపోయిన స్నేహితుడిది, ఆయన భార్యని అడిగి తెచ్చారట.

"ఒరే అబ్బాయ్, వీడూ నాతో పాటే దాటాడు. వీడి దాంట్లో కూడా లేదు, చూడు."